హెచ్‌ఐవీ అనుమానం: లక్షణాలను ఎంతవరకు నమ్మాలి, పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి

ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీకి సలహా ఇచ్చి, పరీక్ష చేసే ఐసీటీసీ గది బయట ఉన్న బల్ల మీద కాసేపు కూర్చుంటే ముఖ్యంగా రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు పది రోజుల కిందటి ఒక రాత్రిని పదేపదే తలచుకుంటూ, రోజుకు ఇరవైసార్లు అద్దంలో నాలుక చూసుకుంటూ, ఒళ్లు వేడిగా ఉందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ వచ్చినవారు. మరొకరు రెండు నెలలుగా దగ్గు తగ్గక, బాగా చిక్కిపోయి, క్షయ అని తేలాక డాక్టరు రాసి పంపితే వచ్చినవారు. మొదటివారిలో చాలామందికి ఏమీ ఉండదు. రెండోవారిలో కొందరికి ఆ వైరస్ ఒంట్లో చేరి ఏడెనిమిదేళ్లు దాటి ఉంటుంది, అయినా ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా వారికి అనుమానం వచ్చి ఉండదు. లక్షణాలు చూసి బెంబేలెత్తినవారూ, లక్షణాలు లేవని నిశ్చింతగా ఉండిపోయినవారూ చేసే పొరపాటు ఒక్కటే. ఇద్దరూ తేదీని, పరీక్షను వదిలేసి ఒంటిని నమ్ముకున్నారు. అందువల్ల ఇక్కడ లక్షణాలను వివరంగానే చెబుతాను గాని, అవి పరీక్షకు వెళ్లడానికి కారణాలు మాత్రమేనని, ఉందో లేదో తేల్చే కొలతలు కావని పాఠకులు మొదటినుంచీ గుర్తుంచుకోవాలి.

ముందుగా అనుమానానికి ఆధారం ఉందో లేదో చూసుకోవాలి. హెచ్‌ఐవీ రక్తం, వీర్యం, యోని స్రావాలు, మలద్వారంలోని స్రావాలు, తల్లిపాల ద్వారా మాత్రమే ఒకరినుంచి మరొకరికి చేరుతుంది. కండోమ్ లేకుండా జరిగిన సంభోగం, కండోమ్ చిరిగిపోయిన సందర్భం, ఒకరు వాడిన సిరంజి మరొకరు వాడటం, పరీక్షించని రక్తం ఎక్కించుకోవడం, తల్లినుంచి బిడ్డకు రావడం అనేవే దారులు. ఒకే కంచంలో తినడం, దోమ కుట్టడం, ఒకే మరుగుదొడ్డి వాడటం, చేతులు కలపడం, దగ్గు, కన్నీరు, చెమట వల్ల ఇది రాదు. ఈ దారుల్లో ఏదీ మీ జీవితంలో లేకపోతే, మీ నీరసానికో జ్వరానికో కారణం వేరే ఉంది, దాన్ని డాక్టరు దగ్గర వెతకండి. ఏదో ఒక దారి ఉన్నట్లయితే, ఒంట్లో ఏ బాధా లేకపోయినా కింది విషయాలు మీకోసమే.

మూడు రోజులు దాటకపోతే

ఇది మొదట చెప్పడానికి కారణం ఉంది. అనుమానించదగిన సంఘటన జరిగి 72 గంటలు కాకపోతే, ఇంట్లో కూర్చుని లక్షణాల గురించి చదువుతూ గడిపే ప్రతి గంటా నష్టమే. ఈ వ్యవధిలో మొదలుపెట్టి 28 రోజులపాటు వాడే మందులు ఉన్నాయి. వీటిని పెప్ అంటారు. వైరస్ ఒంట్లో స్థిరపడకముందే దాన్ని అడ్డుకోవడం ఈ మందుల పని. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే మొదలుపెట్టాలి. 72 గంటలు దాటాక వీటివల్ల ప్రయోజనం ఆశించలేము. ఆసుపత్రిలో సూది గుచ్చుకున్న నర్సులు, ల్యాబ్ సిబ్బంది, పారిశుధ్య కార్మికులు, లైంగిక దాడికి గురైనవారు, కండోమ్ చిరిగిపోయినవారు హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్టీ కేంద్రం ఉన్న పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి, రాత్రివేళైతే అక్కడి అత్యవసర విభాగానికి వెళ్లి, పెప్ మందు కావాలని పేరు పెట్టి అడగాలి. గుచ్చుకున్న చోట సబ్బు, నీళ్లతో కడగాలి గాని నొక్కి రక్తం పిండకూడదు, స్పిరిట్ పోసి రుద్దకూడదు.

తొలి జ్వరం ఎలా ఉంటుంది

వైరస్ ఒంట్లో చేరిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య చాలామందికి ఒక జ్వరం వస్తుంది, కొందరికి అసలు ఏమీ రాదు. వచ్చినవారిలో జ్వరంతోపాటు గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, తలనొప్పి, విపరీతమైన నీరసం, రాత్రిళ్లు దుప్పటి తడిసేంత చెమట, కొందరిలో విరేచనాలు కనిపిస్తాయి. మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కడతాయి. ఛాతీ, వీపు, ముఖం మీద ఎర్రటి చిన్న మచ్చలు లేస్తాయి, సాధారణంగా వాటికి పెద్దగా దురద ఉండదు. నోట్లోనో, జననాంగాల మీదనో నొప్పితో కూడిన పుండ్లు కూడా పడవచ్చు. ఈ బాధలన్నీ కొన్ని రోజులనుంచి కొన్ని వారాల వరకు ఉండి, ఏ మందూ లేకపోయినా వాటంతట అవే తగ్గిపోతాయి.

మన జిల్లాల్లో వానాకాలంలో ఇలాంటి జ్వరం వస్తే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర రెండు సూదులు పొడిపించుకుంటారు, తగ్గకపోతే పట్నం వెళ్లి డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు చేయిస్తారు. తొలి హెచ్‌ఐవీ జ్వరంలోనూ ప్లేట్‌లెట్లు కొంత తగ్గవచ్చు కాబట్టి డెంగీలాంటిదేదో అయి ఉంటుందని సరిపెట్టుకుంటారు. నాలుగు రోజుల్లో జ్వరం దిగిపోతుంది, ఆ ఘనత సూదికి దక్కుతుంది. ఇక్కడే పెద్ద మోసం జరుగుతుంది. ఆ జ్వరం దిగడం నయమైనందుకు గుర్తు కాదు, ఒంటి రోగనిరోధక శక్తి వైరస్‌ను కొంతవరకు అదుపు చేసిందన్నమాట మాత్రమే. వైరస్ లోపలే ఉంటుంది. పైగా ఈ వారాల్లోనే రక్తంలో వైరస్ అత్యధికంగా ఉండి, ఇతరులకు సోకే అవకాశం చాలా ఎక్కువగా ఉంటుంది. కాబట్టి ఇటీవలి నెల రోజుల్లో అనుమానించదగిన కలయిక జరిగి ఉండి ఇలాంటి జ్వరం వస్తే, డాక్టరు అడగకపోయినా ఆ మాట మీరే చెప్పాలి. ‘నాకు హెచ్‌ఐవీ సోకే అవకాశం ఉన్న సంఘటన ఫలానా తేదీన జరిగింది, దానికి తగిన పరీక్ష కూడా రాయండి’ అన్న ఒక్క వాక్యం చాలు. డాక్టరు ముందు ఈ మాట నోట రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి.

ఒక్క గొంతు నొప్పి, ఒక్క నోటి పూత, రెండు రోజుల విరేచనాలు హెచ్‌ఐవీకి గుర్తులు కావు. ముక్కు కారుతూ, తుమ్ములతో వచ్చే జలుబు సాధారణంగా దీనివల్ల వచ్చేది కాదు. ఇక జుట్టు రాలడం, అరికాళ్ల మంటలు, గుండె దడ, ఆకలి మందగించడం వంటివి భయంతో నిద్రలేని రాత్రులు గడిపినవారిలో ఎటూ కనిపిస్తాయి. రోజూ మెడ తడుముకుంటే అక్కడి బిళ్లలు ఆ తడమడం వల్లే నొప్పి పుడతాయి. ఈ భయం తక్కువ బాధ కాదు, దాన్ని ఎగతాళి చేయకూడదు. అయితే దానికి మందు సరైన రోజున చేయించుకునే పరీక్షే.

మాట్లాడని సంవత్సరాలు

తొలి జ్వరం తర్వాత వైరస్ దాదాపు మౌనంగా ఉండిపోతుంది. చికిత్స లేనివారిలో ఈ దశ సగటున ఎనిమిది, పదేళ్లు సాగుతుంది, కొందరిలో అంతకన్నా త్వరగా ముగుస్తుంది. మనిషి పొలం పని చేస్తాడు, లారీ నడుపుతాడు, ఆఫీసుకు వెళతాడు, బరువు కూడా పెరగవచ్చు. ఈలోగా రోగనిరోధక శక్తిని నడిపించే, రక్తంలోని సీడీ4 కణాలు ఏటికేడు తరుగుతూ ఉంటాయి. ఆరోగ్యవంతుల్లో ఇవి ఒక మైక్రోలీటరు రక్తంలో సుమారు 500 నుంచి 1500 వరకు ఉంటాయి, 200 కన్నా తగ్గితే ఆ దశను ఎయిడ్స్‌గా లెక్కిస్తారు. చూపులకు ఆరోగ్యంగా ఉన్న మనిషిని చూసి ‘అతనికి ఎందుకుంటుంది’ అనుకోవడం ఎంత అపాయమో ఈ దశ చెబుతుంది.

రోగనిరోధక శక్తి క్షీణిస్తున్నప్పుడు కొన్ని హెచ్చరికలు వస్తాయి. వాటిలో మన ఇళ్లలో అందరికీ తెలిసినది సర్పి. నడుము చుట్టూనో, ఛాతీ ఒక పక్కనో, ముఖంలో ఒక వైపునో మంటతో మొదలై, రెండు మూడు రోజుల్లో ద్రాక్షగుత్తుల్లా నీటి పొక్కులు లేచి, శరీరం మధ్యగీత దగ్గర గీసినట్టు ఆగిపోతుంది. వయసు మళ్లినవారికి ఇది మామూలుగానే రావచ్చు. కాని పాతికేళ్లకో ముప్ఫై అయిదేళ్లకో వస్తే, మళ్లీ మళ్లీ వస్తే, రెండు వైపులా వ్యాపిస్తే హెచ్‌ఐవీ పరీక్ష తప్పక చేయించుకోవాలి. చాలా ఊళ్లలో సర్పికి మంత్రం వేయించి, పైన పసర్లు పూసి ఊరుకుంటారు. పొక్కులు ఎటూ రెండు మూడు వారాల్లో ఎండిపోతాయి కాబట్టి మంత్రం పనిచేసిందనుకుంటారు, పరీక్ష చేయించుకోవాల్సిన మంచి అవకాశం ఆ విధంగా చేజారుతుంది.

రెండో హెచ్చరిక నోట్లో కనిపిస్తుంది. నాలుక మీద, బుగ్గల లోపల, అంగుట్లో పెరుగు తునకల్లాంటి తెల్లటి పూత పడుతుంది. గుడ్డతో తుడిస్తే ఊడి వచ్చి, కింద ఎర్రగా, ఒక్కోసారి రక్తం ఊరుతూ కనిపిస్తుంది. పొద్దున్నే అందరి నాలుక మీదా ఉండే పలచటి పాచి ఇది కాదు. మధుమేహం అదుపులో లేనివారికి, చాలాకాలం స్టెరాయిడ్లు గాని, యాంటిబయాటిక్స్ గాని వాడినవారికి కూడా ఈ పూత రావచ్చు. ఆ కారణాలేవీ లేని పెద్దవారికి వస్తే తేలికగా తీసుకోకూడదు. మింగేటప్పుడు రొమ్ము ఎముక వెనక నొప్పి కూడా ఉంటే పూత ఆహారనాళంలోకి దిగిందని అనుమానించాలి.

నెల దాటినా తగ్గని జ్వరం, నెల దాటినా ఆగని విరేచనాలు, కారణం తెలియకుండా బరువులో పదో వంతు తగ్గిపోవడం, అంటే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గడం, చేతులు కాళ్ల మీద విపరీతమైన దురదతో నల్లటి మచ్చలు మిగిల్చే పొక్కులు, మళ్లీ మళ్లీ వచ్చే న్యుమోనియా, స్త్రీలలో ఎన్ని మందులు వాడినా తిరగబెట్టే తెల్లబట్ట, మందుకు లొంగని జననాంగాల పుండ్లు కూడా పరీక్షకు కారణాలే. వీటన్నిటికన్నా ముఖ్యమైనది క్షయ. భారతదేశంలో హెచ్‌ఐవీ ఉన్నవారిని ఎక్కువగా పట్టుకునేదీ, ఎక్కువమందిని బలి తీసుకునేదీ అదే. అందుకే ప్రభుత్వ కార్యక్రమంలో క్షయ అని తేలిన ప్రతివారికీ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు, అలా చేస్తున్నందుకు అవమానపడవలసినది ఏమీ లేదు. నెలల తరబడి తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం వంటివి ఉంటే మాత్రం పరీక్ష కోసం ఎదురుచూడకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

తేదీ లెక్క

పరీక్ష ఏ రోజున చేయించుకోవాలన్నదే అందరూ తప్పు చేసే చోటు. వైరస్ ఒంట్లో చేరిన మరుసటి రోజు ఏ పరీక్షా దాన్ని పట్టుకోలేదు. వైరస్ ఉన్నా పరీక్షలో కనిపించని ఈ వ్యవధిని విండో పీరియడ్ అంటారు. ఇది పరీక్షను బట్టి మారుతుంది. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యూక్లిక్ ఆమ్ల పరీక్ష సుమారు 10 నుంచి 33 రోజుల్లో పట్టుకుంటుంది. నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష, అంటే వైరస్‌లోని పీ24 యాంటిజెన్ అనే ప్రోటీన్‌నూ, వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలనూ కలిపి చూసేది, 18 నుంచి 45 రోజుల్లో పట్టుకుంటుంది. యాంటీబాడీలను మాత్రమే చూసే ర్యాపిడ్ కిట్లు 23 రోజులనుంచి 90 రోజుల వరకు తీసుకుంటాయి.

ఈ అంకెలను జీవితానికి అన్వయించుకుంటే ఇలా ఉంటుంది. సంఘటన జరిగిన తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. నాలుగు వారాలు నిండాక, లేదా ఈలోపు తొలి జ్వరం లాంటిదేదైనా వస్తే అప్పుడే, ఒక పరీక్ష చేయించుకోవచ్చు. అది నెగటివ్ వస్తే చాలావరకు ఊరట కలుగుతుంది గాని చివరి మాట కాదు. నాలుగో తరం ల్యాబ్ పరీక్ష అయితే 45 రోజులు నిండాక వచ్చిన నెగటివ్‌ను, ర్యాపిడ్ కిట్ అయితే మూడు నెలలు నిండాక వచ్చిన నెగటివ్‌ను నమ్మవచ్చు. ఏ పరీక్ష చేశారో తెలియకపోతే మూడు నెలల లెక్కే పెట్టుకోండి. ఈ మధ్యలో మళ్లీ అలాంటి సంఘటన జరిగితే లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. పెప్ మందులు వాడినవారికి ఈ లెక్క వర్తించదు, మందు ముగిశాక డాక్టరు రాసిచ్చిన తేదీల్లోనే చేయించుకోవాలి. సరైన తేదీన నెగటివ్ వచ్చాక ల్యాబ్‌లు మార్చి మార్చి వారానికోసారి చేయించుకోవడం వల్ల డబ్బు, నిద్ర పోవడమే తప్ప కొత్తగా తెలిసేది లేదు. ఫలితం వచ్చేవరకు కండోమ్ వాడాలి, రక్తదానం చేయకూడదు.

రక్తదానం మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఎవరినీ అడగకుండా తెలుసుకోవచ్చని కొందరు రక్తదాన శిబిరానికి వెళ్లి రక్తం ఇస్తారు. విండో పీరియడ్‌లో ఉన్న రక్తం బ్లడ్‌బ్యాంకు పరీక్షను కూడా దాటిపోయి, ప్రసవంలోనో ప్రమాదంలోనో ఉన్న ఏ పాపమూ ఎరగని మనిషికి ఎక్కే అవకాశం ఉంటుంది. దయచేసి ఎప్పుడూ అలా చేయకండి.

గదిలోపల ఏం జరుగుతుంది

జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లోను, చాలా సామాజిక ఆరోగ్య కేంద్రాల్లోను ఐసీటీసీలు ఉన్నాయి. అక్కడ పరీక్ష ఉచితం. దగ్గర్లో ఎక్కడుందో తెలియకపోతే 1097 నంబరుకు ఫోను చేయవచ్చు, ఆ ఫోనుకు కూడా డబ్బు పడదు. లోపల కౌన్సెలర్ మీతో ఒంటరిగా మాట్లాడతారు. ఎప్పుడు, ఎలా, కండోమ్ ఉందా లేదా అని అడుగుతారు. ఇవి మిమ్మల్ని తప్పుపట్టే ప్రశ్నలు కావు, ఏ తేదీన పరీక్ష చేస్తే నమ్మదగిన ఫలితం వస్తుందో లెక్కించడానికి అడిగేవి. అబద్ధం చెబితే తప్పుడు తేదీ వస్తుంది. మీరు ఒప్పుకున్నాకే రక్తం తీస్తారు. కిట్ మీద రక్తం చుక్క, దాని తర్వాత ద్రావణం చుక్కలు వేసి కొన్ని నిమిషాలు ఆగితే, పరీక్ష సరిగా జరిగిందని చెప్పే గీత ఒకటి తేలుతుంది. దాని పక్కన మరో గీత తేలితే ఆ కిట్‌లో రియాక్టివ్ వచ్చినట్టు. ఆ ఒక్క దానితో ఎవరికీ హెచ్‌ఐవీ ఉందని చెప్పరు. వేర్వేరు సూత్రాలతో పనిచేసే మరో రెండు కిట్లతో కూడా చూసి, మూడూ ఒకే మాట చెబితేనే పాజిటివ్ అని రిపోర్టు ఇస్తారు. ప్రైవేటు ల్యాబ్‌లో ఒక్క ర్యాపిడ్ కిట్ మీద వచ్చిన రియాక్టివ్ కాగితం పట్టుకుని కుప్పకూలిపోయినవారు ముందుగా ఐసీటీసీకి వెళ్లి నిర్ధారించుకోవాలి.

‘తెలిస్తే ఊరంతా పాకుతుంది’ అనే భయం చాలామందిని ఆ గడప దాకా కూడా రానివ్వదు. 2017లో చేసిన, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, మీ స్థితిని బయటపెట్టకూడదు, ఉద్యోగంలోను, వైద్యంలోను, బడిలోను, అద్దె ఇంటి విషయంలోను వివక్ష చూపకూడదు. చట్టం ఉన్నంత మాత్రాన నోళ్లన్నీ మూతపడవని నాకు తెలుసు. సొంత ఊళ్లో తెలిసినవారు ఎదురవుతారని భయమైతే పక్క పట్నంలోని కేంద్రానికి వెళ్లండి, ఏ కేంద్రంలోనైనా చేస్తారు.

లక్షణాలతో నిమిత్తం లేకుండా కొందరు పరీక్ష చేయించుకోవాలి. ప్రతి గర్భిణికీ, వీలైతే ఆమె భర్తకూ గర్భం నిలిచిన తొలి నెలల్లోనే పరీక్ష జరగాలి. సుఖవ్యాధి ఏదైనా వచ్చినవారు, ఒకరికన్నా ఎక్కువమందితో సంబంధాలున్నవారు, పురుషులతో సంబంధాలున్న పురుషులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, మత్తు సూదులు వాడేవారు ఏడాదికి ఒక్కసారైనా, ప్రమాదం ఎక్కువగా ఉంటే ఆరు నెలలకోసారి చేయించుకోవడం మంచిది. దేశంలో హెచ్‌ఐవీతో జీవించేవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మహారాష్ట్ర, కర్ణాటకలతోపాటు ఆంధ్రప్రదేశ్ కూడా ముందువరుసలో ఉంది కాబట్టి, మనకు ఇది ఎక్కడో దూరాన ఉన్నవారి విషయం కాదు. గల్ఫ్ వెళ్లే కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల యువకుల్లో కొందరికి ఈ సంగతి వీసా మెడికల్‌లో ‘అన్‌ఫిట్’ అన్న ఒక్క మాటతో తెలుస్తుంది, కారణం కూడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అలా జరిగితే ఏజెంటు వెంట తిరగడం మాని, ఆ వారంలోనే ఐసీటీసీకి వెళ్లాలి.

పాజిటివ్ అని తేలితే

తొంభైలలో ఈ జబ్బుతో చిక్కి శల్యమై పోయినవారిని చూసినవారి కళ్లలో ఆ రూపమే ఇంకా మిగిలి ఉంది. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ప్రభుత్వం ఏఆర్టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి సీడీ4 ఎంత ఉన్నా, పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ ఇస్తున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్రే, అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ మూడూ కలిసి ఉంటాయి. త్వరగా మొదలుపెట్టి మానకుండా వాడేవారు ఇంచుమించు అందరిలా పూర్తి ఆయుష్షు జీవిస్తున్నారు. రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉన్నవారి నుంచి సంభోగం ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. మందు మానితే వైరస్ మళ్లీ లేస్తుంది, అందుకని పూర్తిగా పోగొడతామని చెప్పి వేలకు వేలు గుంజే పొడులు, లేహ్యాల కోసం ఏఆర్టీని ఒక్క రోజు కూడా ఆపకూడదు.

భార్యకో భర్తకో చెప్పడం అన్నిటికన్నా కష్టమైన పని. దానికి కౌన్సెలర్ సాయం తీసుకోవచ్చు, ఇద్దరినీ కూర్చోబెట్టి వారే మాట్లాడతారు. భాగస్వామికి పరీక్ష ఆ వారంలోనే జరగాలి. తల్లి పాజిటివ్ అయితే పిల్లలందరికీ, బడికి వెళుతూ ఆరోగ్యంగా కనిపిస్తున్న పెద్ద పిల్లలకు కూడా పరీక్ష చేయించాలి. గర్భంలో ఉన్నప్పుడే తల్లి మందులు మొదలుపెట్టి, పుట్టిన బిడ్డకు కూడా ఇచ్చే మందు వేయిస్తే బిడ్డకు సోకే అవకాశం చాలా తక్కువ. ఏమీ చేయకపోతే ఆ అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. పసిబిడ్డ రక్తంలో తల్లి యాంటీబాడీలు 18 నెలల వరకు ఉండవచ్చు కాబట్టి మామూలు కిట్‌లో గీత తేలినా బిడ్డకు హెచ్‌ఐవీ ఉందని అనుకోకూడదు. ఆరు వారాల వయసులో మడమ గుచ్చి తీసిన రక్తపు చుక్కలను కాగితం మీద ఆరబెట్టి వేరే పరీక్షకు పంపుతారు. పాలు మాన్పించాక, 18 నెలలు నిండాక చేసే పరీక్షతోనే బిడ్డ విషయం పూర్తిగా తేలుతుంది. ఆ మధ్యలో ఇచ్చిన ఏ తేదీనీ, ఇంట్లో పెళ్లి ఉందనో కోతలు ఉన్నాయనో వాయిదా వేయకూడదు.